పద్యం ముందు, ఏఐ తర్వాత: ఇంగ్లీష్ లిటరేచర్ చదివేవాళ్లకూ, చెప్పేవాళ్లకూ

గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ లిటరేచర్ చెబుతుంటాను. మా క్లాసులో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే. సత్తెనపల్లి నుంచి, పొన్నూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. తెనాలి వాళ్లు రైలు పట్టుకుంటారు. అందరి చేతిలో ఫోనుంది, ఫోనులో ఏఐ ఉంది. టెక్స్ట్‌బుక్కు మాత్రం కొద్దిమంది దగ్గరే ఉంటుంది. మిగతావాళ్లకు జిరాక్స్ నోట్సు, గైడు, ఇంపార్టెంట్ క్వశ్చన్ల కాగితమే ఆధారం.

ఇన్నాళ్లూ గైడు చేసిన పనినే ఇప్పుడు ఏఐ చేత చేయిస్తున్నారు. ‘సమ్మరీ చెప్పు’, ‘థీమ్స్ రాయి’, ‘పది మార్కులకు ఎస్సే ఇవ్వు’ అని అడుగుతారు. గైడు కంటే మంచి ఇంగ్లీషులోనే ఇస్తుంది. కానీ పద్యం చదవని పిల్ల అప్పటికీ పద్యం చదవనట్టే. ఇంట్లో ఇంగ్లీషు చదివినవాళ్లు ఉన్న పిల్లలకు ఒక వీలుంది, మా పిల్లలకు అది లేదు. ‘ఈ లైను నాకిలా అనిపించింది, సరైనదేనా?’ అని రాత్రిపూట అడగడానికి ఆ ఇళ్ల పిల్లలకో మనిషి ఉంటారు. ఏఐని పెట్టుకోవాల్సింది ఆ పనికి. నేను క్లాసులో చేయించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉచితంగా దొరికే చాట్‌జీపీటీ, జెమినై లాంటివి చాలు, డబ్బు కట్టక్కర్లేదు.

మూలం చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు

ఈ యంత్రాలు ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యాలు అల్లుకుంటూ పోతాయి. పేరున్న పద్యం నెట్‌లో ఎన్నోచోట్ల ఉంటుంది కాబట్టి దాన్ని బాగానే అప్పజెబుతాయి. అదే కవి రాసిన, పెద్దగా ఎవరికీ తెలియని పద్యం అడిగి చూడండి. ఆయన ధోరణిలోనే, ఆయన ఎప్పుడూ రాయని లైన్లు వచ్చే ప్రమాదం ఉంది. చదివితే అనుమానం కూడా రాదు.

పేరున్న పద్యంలోనూ చిక్కులుంటాయి. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ డాఫడిల్స్ అనే పువ్వుల మీద రాసిన పద్యాన్నే తీసుకోండి. 1804లో రాశాడు, 1807లో అచ్చయింది. అప్పుడు ఉన్నవి మూడే చరణాలు. ఇప్పుడు మనం రెండో చరణంగా చదివేది, ‘కంటిన్యువస్ యాజ్ ద స్టార్స్’ అని మొదలయ్యేది, 1815లో చేర్చింది. ‘ఈ పద్యంలో చరణాలెన్ని?’ అంటే ఏఐ మామూలుగా నాలుగంటుంది, ఏ ముద్రణలో అన్నది మీరు అడిగితే తప్ప చెప్పకపోవచ్చు. కాబట్టి మీ సిలబస్‌లో ఉన్న పాఠం ఏదో ముందు తెలుసుకుని, దాన్నే ఏఐ ముందు పెట్టండి.

పాత రచనల పూర్తి పాఠాలకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉంది. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టింది. అక్కడ పద్యం కాపీ చేసి చాట్‌లో పేస్ట్ చేయండి. నవల, నాటకం లాంటి పెద్దవైతే గూగుల్ వాళ్ల నోట్‌బుక్ ఎల్ఎం మేలు. మీరు ఎక్కించిన పాఠంలోంచే జవాబు వెతుకుతుంది, వాక్యం పక్కన చిన్న అంకె వేస్తుంది. ఆ అంకె నొక్కితే మూలంలో ఆ చోటు కనిపిస్తుంది. పిల్లలకు నేను పెట్టిన షరతు ఒక్కటే, అంకె నొక్కి చూడకుండా ఏ వాక్యమూ నోట్సులోకి ఎక్కకూడదు.

కాపీరైటు సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. వర్డ్స్‌వర్త్, షెల్లీ, షేక్‌స్పియర్‌లతో ఏ ఇబ్బందీ లేదు. ఈ కాలపు నవలను మొత్తం స్కాన్ చేసి ఎక్కించడం మాత్రం చేయకండి, చదువుతున్న నాలుగు పేరాలు టైప్ చేసుకుంటే పని జరుగుతుంది.

ముందు కాగితం మీద ఐదు వాక్యాలు

పద్యం చదవగానే, ఫోను ముట్టుకోకముందే, ఒక కాగితం మీద ఐదు వాక్యాలు రాయిస్తాను. ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు, ఏ లైను బాగుంది. తెలుగులో రాసినా, కలగలిపి రాసినా పర్వాలేదు. స్పెల్లింగు నేను చూడను. ఈ కాగితం లేకపోతే తర్వాత చేసేదంతా దండగ. ఏఐ మాట ఒక్కసారి చెవిన పడిందంటే, పిల్లకు తొలిసారి తోచింది ఏమిటో ఆమెకే గుర్తుండదు.

ఆ తర్వాత పద్యం పేస్ట్ చేసి, ఈ మాటలు రాయమంటాను. మీరూ ఇలాగే వాడుకోవచ్చు:

“నేను డిగ్రీ రెండో సంవత్సరం. పైన పద్యం ఇచ్చాను. దీని అర్థం నాకు చెప్పొద్దు, సమ్మరీ ఇవ్వొద్దు. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. నేను జవాబు చెప్పాక, దానికి ఏ లైను ఆధారమో అడుగు. నా జవాబు తప్పనిపిస్తే సరిచేయకుండా, ఏ లైను మళ్లీ చదవాలో మాత్రం చెప్పు. ఊరికే మెచ్చుకోవద్దు. వాడుక తెలుగులో మాట్లాడు. లిటరేచర్ మాటలు ఇంగ్లీషువే వాడు.”

చివరి రెండు వాక్యాలు ఉండాల్సిందే. అవి లేకపోతే ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో జవాబిస్తుంది, మెటఫర్‌కు ఏదో సంస్కృత సమాసం తగిలిస్తుంది. పరీక్షలో రాయాల్సిన మాట మెటఫరే కదా. ‘ఊరికే మెచ్చుకోవద్దు’ అన్నది ఇంకా ముఖ్యం. ఏం చెప్పినా ‘అద్భుతమైన పరిశీలన’ అనడం దానికి అలవాటు. నమ్మకం కలగకపోతే మీరు ఇంతకుముందు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం చెప్పి చూడండి. చాలాసార్లు దాన్నీ అంతే ఉత్సాహంగా ఒప్పుకుంటుంది.

ఇలా అడిగించుకుంటే ఏం జరుగుతుందో ఒకటి చెబుతాను. మా క్లాసులో ఒక అమ్మాయి డాఫడిల్స్ గురించి కాగితం మీద ‘ప్రకృతి అందం గురించి కవి చెప్పాడు’ అని రాసింది. గైడులో ఉండే వాక్యమే. ఏఐ ఆమెను అడిగిన ప్రశ్న ఇది: ‘మొదటి మూడు చరణాల్లో క్రియలు ఏ కాలంలో ఉన్నాయి? చివరి చరణంలో ఏ కాలంలో ఉన్నాయి?’ ఆమె పెన్సిలుతో ఒక్కో క్రియ కింద గీత గీసుకుంటూ పోయింది. వాండర్డ్, సా, అవుట్‌డిడ్, గేజ్డ్. అన్నీ జరిగిపోయినవి. చివరి చరణం దగ్గరకొచ్చేసరికి కవి సోఫా మీద పడుకుని ఉన్నాడు, ఐ లై, దే ఫ్లాష్, ఫిల్స్, డాన్సెస్. అన్నీ వర్తమానం. కాసేపు ఆగి, ‘మేడమ్, ఇది పువ్వుల పద్యం కాదు, పువ్వులు తర్వాత గుర్తొచ్చిన పద్యం’ అంది. ఆ మాట ఏఐ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. వర్డ్స్‌వర్త్ లిరికల్ బాలడ్స్ అనే కవితల పుస్తకానికి 1800లో రాసిన ముందుమాటలో కవిత్వం ప్రశాంతంగా ఉన్నప్పుడు గుర్తుచేసుకున్న భావోద్వేగంలోంచి పుడుతుందన్నాడు. ఆ సిద్ధాంతాన్ని ఆమెకు ఆ రోజు విడిగా బట్టీ పట్టించాల్సిన పని లేకుండా పోయింది.

చెల్లెలి డైరీ పక్కన పెట్టండి

ఈ పద్యంతోనే ఇంకో పని చేయించవచ్చు. నాకు బాగా ఇష్టమైన పాఠం ఇది. కవి ‘ఒంటరిగా తిరిగాను’ అంటాడు. నిజానికి ఆ రోజు, 1802 ఏప్రిల్ 15న, అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆయన వెంట చెల్లెలు డొరొతీ ఉంది. ఆ నడక గురించి ఆమె తన జర్నల్లో రాసుకుంది. కొన్ని పువ్వులు అలసిపోయి రాళ్ల మీద తలగడ మీద ఆనించినట్టు తల ఆనించాయనీ, మిగతావి ఊగాయి, తూలాయి, ఆడాయనీ రాసింది. పువ్వులు నాట్యం చేయడం ఆమె డైరీలో ముందు ఉంది, ఆయన పద్యంలోకి తర్వాత వచ్చింది. చివరి చరణంలో లోకం మెచ్చుకునే రెండు లైన్లు, ‘ఇన్‌వర్డ్ ఐ’, ‘బ్లిస్ ఆఫ్ సాలిట్యూడ్’ ఉన్నవి, భార్య మేరీ ఇచ్చినవి.

డొరొతీ రాసిన ఆ పేరానూ పద్యాన్నీ ఒకేచోట పేస్ట్ చేసి, ‘రెండింట్లోనూ ఉన్నవి ఒకవైపు, ఒకదాంట్లోనే ఉన్నవి ఒకవైపు పట్టికలా ఇవ్వు, ప్రతిదానికీ మూలంలోని మాటలే చూపించు’ అని అడగండి. ఇలాంటి గుమస్తా పని ఏఐ చకచకా చేస్తుంది. పట్టిక వచ్చాక పిల్లలు ఒక్కో గడినీ మూలంతో సరిచూడాలి. అలసిపోయిన పువ్వులు పద్యంలోకి ఎందుకు రాలేదు? చెల్లెలు ఏమైంది? ఈ ప్రశ్నలు మాత్రం యంత్రానికి వదలకండి. క్లాసులో రెండు జట్లు కట్టి వాదించుకోనివ్వండి. మా వాళ్లలో ఒక జట్టు ‘పద్యానికి ఒంటరితనం కావాలి, అందుకే తీసేశాడు’ అంది. ఇంకో జట్టు ‘ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల మాటలు తీసుకుని పేరు మాత్రం ఆయనదే పెట్టుకున్నాడు’ అంది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఛందస్సు దగ్గర దాన్ని నమ్మొద్దు

మీటర్ అనగానే పిల్లలు బెదిరిపోతారు. కానీ బళ్లో గురువు లఘువు గుర్తులు పెట్టి గణవిభజన చేసి వచ్చినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. అయాంబ్ అంటే ముందు లఘువు, తర్వాత గురువు, మన వగణం. తిరగేస్తే ట్రోకీ, మన హగణం. అనపెస్ట్ సగణం, డాక్టిల్ భగణం. ఒక్క తేడా గట్టిగా చెప్పాలి. మన గురువు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి వస్తుంది, ఇంగ్లీషువాళ్లది ఊనికను బట్టి వస్తుంది.

‘ఐ వాండర్డ్ లోన్లీ యాజ్ ఎ క్లౌడ్’ లైనును బల్ల మీద వేళ్లతో తట్టుతూ చదవమనండి. వాన్, లోన్, యాజ్, క్లౌడ్, నాలుగు దెబ్బలు. వాటిలో యాజ్ మీద దెబ్బ తేలిక. నాలుగు వగణాలు. ఇప్పుడు ‘ఫ్లటరింగ్ అండ్ డాన్సింగ్ ఇన్ ద బ్రీజ్’ తట్టమనండి. మొదటి మాటే దెబ్బతో మొదలవుతుంది. వరుసగా వస్తున్న వగణాల మధ్య ఒక హగణం పడింది. పువ్వు ఊగే చోటే నడక ఊగింది. ఇది చెవికి పట్టాలి.

ఏఐకి చెవి లేదు. మనం టైప్ చేసిచ్చిన పద్యాన్ని అది అక్షరాల ముక్కలుగా చూస్తుంది, ధ్వనిగా కాదు. అందుకే స్కాన్షన్, అంటే గణవిభజన, అడిగితే ఒక చాట్‌లో ఒకలా, కొత్త చాట్ తెరిస్తే ఇంకోలా గుర్తులు పెట్టడం మామూలే. దీన్నే పాఠంగా మార్చుకోండి. ముందు పిల్లలు గుర్తులు పెట్టాలి, తర్వాత ఏఐ పెట్టినవి పక్కన రాసుకోవాలి, తేడా వచ్చిన చోట లిబ్రివాక్స్‌లో ఎవరైనా చదివిన రికార్డింగు విని తేల్చుకోవాలి. లిబ్రివాక్స్ 2005 నుంచి వాలంటీర్లు నడుపుతున్నది, కాపీరైటు లేని రచనలు చదివి ఉచితంగా పెడతారు. మా పిల్లలు ఏఐ పెట్టిన గుర్తును కాదని తమ గుర్తును నిలబెట్టుకున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

నాటకం: దాన్ని గుంపులో నిలబెట్టండి

షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో మూడో అంకం రెండో రంగం, సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్, సీజర్ స్నేహితుడు ఆంటోనీ జనంతో మాట్లాడే చోటు, చెప్పేటప్పుడు చాలామంది ‘నువ్వు బ్రూటస్‌లా మాట్లాడు’ అని ఏఐకి అప్పజెబుతారు. అలా చేస్తే నాటకం దానిదైపోతుంది. పిల్లలే బ్రూటస్, పిల్లలే ఆంటోనీ కావాలి. ఏఐకి ఇచ్చే వేషం వేరు:

“నువ్వు రోములో గుంపులో నిలబడ్డ మామూలు మనిషివి. సీజర్‌ను ఇప్పుడే చంపేశారు. నేను మాట్లాడతాను. నా మాటలో అనుమానం ఉంటే అడ్డుతగిలి అడుగు. సులువుగా ఒప్పుకోకు. షేక్‌స్పియర్ లైన్లు అప్పజెప్పకు.”

ముందు పిల్లలు తమ మాటల్లో, తెలుగులోనైనా సరే, మాట్లాడతారు. నోటితో మాట్లాడే వాయిస్ మోడ్ పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. తర్వాత మూలం తెరుస్తాం. బ్రూటస్ వచనంలో కారణాలు చెప్పాడు, ఆంటోనీ పద్యంలో మాట్లాడాడు. ఆంటోనీ శవాన్ని చూపించాడు, గాయాలు చూపించాడు, సీజర్ వీలునామా చదివాడు. అందులో ఒక్కో పౌరుడికి 75 డ్రాక్మాల డబ్బు రాసి ఉంది. తన జట్టు తరఫున వీలునామా ఊసెత్తకుండా ఆంటోనీగా మాట్లాడిన అబ్బాయి గుంపును తిప్పలేక చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆ తర్వాత మూలంలో ఆంటోనీ వీలునామాను చూపించి, చదవనని ఊరించి, గాయాల దాకా వచ్చి, చివరికి చదివే వరుస చూసినప్పుడు దాని విలువ అతనికి వివరించి చెప్పక్కర్లేకపోయింది.

మన కవి పక్కన నిలబెట్టి

షెల్లీ స్కైలార్క్ అనే పిట్ట మీద రాసిన పద్యం, 1820 నాటిది, చెప్పినప్పుడల్లా జాషువా గబ్బిలం కావ్యం తెస్తాను. వినుకొండలో పుట్టి, గుంటూరులోనే కన్నుమూసిన కవి. ఆయన కావ్యం 1941లో వచ్చింది. షెల్లీ ఆకాశంలో కనిపించకుండా పాడే పిట్టతో ‘నీ ఆనందంలో సగం నాకు నేర్పు’ అంటాడు. దళితుడైన జాషువా కథానాయకుడికి గుడి తలుపు తెరుచుకోదు. తాను వెళ్లలేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కాబట్టి, కాశీలో శివుడికి తన గోడు వినిపించమని దాన్ని పంపుతాడు. ఒక కవి పిట్టను పాట అడిగాడు, ఇంకొకరు న్యాయం మోసుకెళ్లమన్నారు. మా పిల్లలకు రొమాంటిసిజం అర్థమయ్యేది ఈ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే.

ఇక్కడ ఏఐతో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. తెలుగు పాఠాలు నెట్‌లో తక్కువ కాబట్టి, జాషువా పద్యం చెప్పమంటే కల్పించే ప్రమాదం ఇంగ్లీషు కంటే చాలా ఎక్కువ. గణాలు తప్పిన పద్యాన్ని కూడా ఆయన పేరు మీద నిస్సంకోచంగా ఇచ్చేస్తుంది. మీ లైబ్రరీ పుస్తకంలోంచి చదువుతున్న రెండు మూడు పద్యాలు మీరే టైప్ చేసి ఇవ్వండి. ఆయన 1971లో పోయారు కాబట్టి హక్కులు ఇంకా ఉన్నాయి, పుస్తకమంతా ఎక్కించకూడదు. పద్యాలు ఇచ్చాక ‘ఒక కవి పిట్టనూ, ఇంకో కవి గబ్బిలాన్నీ ఏమేం అడిగారో, అడిగిన మాటలతో సహా చూపించు’ అనండి. అంతకుమించి పోలికలు చెప్పనివ్వకండి, అది మన పని.

క్రిటిక్ పేరు వస్తే ఆగండి

ఎస్సేలో క్రిటిక్ కోట్ ఉంటే మార్కులు పడతాయన్న ఆశ మా పిల్లలకు బాగా ఉంది. ఏఐ అడిగినన్ని ఇస్తుంది. పేరు నిజమే, పుస్తకం నిజమే, ఆ వాక్యం మాత్రం ఆ పుస్తకంలో ఉండకపోవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. షేక్‌స్పియర్ విమర్శకుడు ఏ. సి. బ్రాడ్లీ 1904లో అచ్చువేసిన షేక్‌స్పియరియన్ ట్రాజెడీ ఉపన్యాసాలు హామ్లెట్, ఒథెల్లో, కింగ్ లియర్, మాక్‌బెత్‌ల మీద. జూలియస్ సీజర్‌కు అందులో విడిగా ఉపన్యాసం లేదు. ‘బ్రాడ్లీ తన జూలియస్ సీజర్ ఉపన్యాసంలో అన్నట్టు’ అని కనిపిస్తే అక్కడే కొట్టేయండి. ఈ పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది, లోపల మాట వెతికే వీలుంది. పేజీ కళ్లతో చూడని కోట్ నా క్లాసులో ఎవరూ రాయరు.

లెక్చరర్లకు

పేపర్లు దిద్దే పని దానికి ఇవ్వకండి. మార్కు మనం వేయాలి. కానీ పిల్లలు రాసిన డ్రాఫ్టు మీద వాళ్లచేతే ఒక ప్రశ్న అడిగించండి: ‘నేను చెప్పిన ఏ మాటకు పాఠంలో ఆధారం చూపించలేదు? అవి మాత్రం గుర్తించు, నువ్వు తిరగరాయకు.’ నలభై మంది డ్రాఫ్టుల మీద ఈ సంగతి ఒక్కొక్కరికీ చెప్పే టైము మనకు దొరకదు. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు అందులో ఎక్కించొద్దని ముందే చెప్పండి.

ఏఐ రాసిందో కాదో పట్టే డిటెక్టర్ల జోలికి పోకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ వాళ్లే 2023 జనవరిలో ఒకటి తెచ్చి, సరిగ్గా పట్టలేకపోతోందని జూలైలో తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని తేల్చాయి. కష్టపడి, చిన్న చిన్న వాక్యాల్లో, జాగ్రత్తగా రాసే మన పిల్లలు దొంగలనిపించుకుంటారు. అనుమానమొస్తే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘ఈ మాట అన్నావు కదా, ఏ లైను చూసి అన్నావు?’ అని ఐదు నిమిషాలు మాట్లాడండి. ఫోను ముట్టుకోకముందు రాసిన ఐదు వాక్యాల కాగితాన్ని ఎస్సేకు పిన్ను కొట్టి ఇమ్మనండి. నేను ఆ కాగితానికీ మార్కులు పెడతాను.

పరీక్షకు చివరి పది రోజులు ఏఐ ఆపించేస్తాను. హాల్లో మూడు గంటలు చేత్తో రాయాలి. అప్పుడు కావాల్సింది పద్యం నోటికి రావడం, పెన్ను ఆగకుండా నడవడం.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలంటే అన్నీ ఒకేసారి వద్దు. సిలబస్‌లో చిన్న పద్యం ఒకటి తీసుకుని, అందరికీ జిరాక్స్ ఇచ్చి, కాగితాలు రాయించండి. నలుగురికి ఒక ఫోను చాలు. ఒకరు టైప్ చేస్తే ముగ్గురు ఏం జవాబివ్వాలో వాదించుకుంటారు. డేటా లేనివాళ్లూ మంచి ఫోను లేనివాళ్లూ వెనకబడరు. మొదటి గంటలో రెండు మూడు ప్రశ్నల దాకా వెళ్లినా చాలు. మిగతావి మర్నాటి క్లాసుకు ఉంచండి.